చీలిక అవతల దీపం

ఆ చీలిక దగ్గర పగలు కూడా ఎవరూ సంచి దింపరు.

ఆరు రోజుల కాలిబాట అది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ముళ్ళ అడవి, మధ్యలో మనిషి పట్టేంత దారి. నడిచేవాళ్ళు ఎక్కడ అలిసిపోతే అక్కడే కూలబడతారు. రాయి మీదనో, ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగ మీదనో కూర్చుని, బూట్లు విప్పి, పాదాలు చూసుకుని, నిట్టూర్చి, మళ్ళీ తొడుక్కుంటారు. కానీ నాలుగో రోజు వచ్చే ఆ చీలిక దగ్గర మాత్రం... వీపు మీది బరువు వీపు మీదే ఉంటుంది. నీళ్ళు తాగేవాడు కూడా నడుస్తూనే తాగుతాడు.

అవతలి గట్టు మీద ఒక రాతి గది ఉంది. దీపం గది అంటారు. తాళం వేసి ఏళ్ళయింది. లోపల దీపం లేదు, మనిషి లేడు. అయినా కొన్ని రాత్రులు దాని కిటికీలో వెలుగు కనబడుతుందట. ఆ వెలుగు పిలుస్తుందట. పిలిస్తే వెళ్ళినవాడు...

ఇది నేను చూసి చెప్తున్నది కాదు, విన్నది. చెప్పిన మనిషి మాత్రం అబద్ధం ఆడే రకం కాదు. ఆడగలిగితే ఆవిడకి సగం కష్టాలు ఉండేవే కావు.

ఆ కాలిబాట మొదలయ్యే ఊళ్ళో, దాని బాగోగులు చూసే ఆఫీసులో నేను ముప్ఫై నాలుగేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. మ్యాపులు గీయడం నా పని. కాలేజీలో భౌతికశాస్త్రం చదివాను. మా లెక్చరరు ఒకాయన బల్ల మీద నారింజపండు పెట్టి, దాని చుట్టూ నిమ్మకాయ తిప్పుతూ, చంద్రుడు సముద్రాన్ని ఎలా పైకి లాగుతాడో చెప్పేవాడు. క్లాసయ్యాక నారింజ ఆయనే తినేసేవాడు. ఆటుపోట్లు అంటే నాకు ఇప్పటికీ నారింజ తొక్క వాసనే గుర్తొస్తుంది. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

మా ఆఫీసు ఎదురుగా ఒక చిన్న కొట్టు ఉండేది. వీపు సంచుల పట్టీలు తెగితే కుట్టడం, గుడారాల చిరుగులకు మాసికలు వేయడం అక్కడి పని. అది నడిపే ఆవిడని నడిచేవాళ్ళంతా సంచులక్క అనేవాళ్ళు. లోపలికెళ్తే మైనం పూసిన దారం వాసన, తడిసి ఆరిన కాన్వాసు వాసన. గోడకి గుచ్చి వరసగా సూదులు. కొన్ని నా చూపుడువేలంత ఉండేవి. ఆవిడ మాట కూడా ఆ సూదుల జాతే. ఒకాయన కొత్త సంచి తెచ్చి, ఇది ముప్ఫై కిలోలైనా మోస్తుందని గొప్పలు పోతుంటే, సంచి మోస్తుంది సరే, మరి మీరో అని అడిగింది. ఆయన సగం సామాను కొట్లోనే వదిలి వెళ్ళాడు.

ఆ సంచులక్క తమ్ముడే దీపం గది కాపలాదారు.

చీలిక సంగతి కాస్త చెప్పాలి. గుట్టని ఎవరో గొడ్డలితో నరికినట్టు ఉంటుందది. ఇవతల తాడు నిచ్చెన దిగాలి, అడుగున నలభై అడుగులు వేయాలి, అవతల ఇంకో నిచ్చెన ఎక్కాలి. పైనుంచి చుట్టు తిరిగి పోదామంటే ముళ్ళూ ఊబీ. అలలు చీలికలోకి ఎదురుగా రావు, వస్తే చూసి పారిపోవచ్చు. నీళ్ళు కింది నుంచి వస్తాయి. అడుగురాళ్ళ నిండా బొక్కలు. పోటు వచ్చినప్పుడు వాటిలోంచి చప్పుడు లేకుండా ఊరతాయి. చీకట్లో తడిరాయికీ నీటికీ తేడా తెలియదు. పాదం చల్లబడిందే అనుకునేలోపు నడుము దాకా ఉంటాయి.

అవతలి గట్టు మీద కాపలాదారు ఉండేది అందుకే. పగలైతే కేకేసి చెప్తాడు. రాత్రయితే దీపం.

ఒక రాత్రి నలుగురు నడుచుకుంటూ వచ్చారు. నాలుగోవాడికి మడమ మీద బొబ్బ లేచి వెనకబడ్డాడు. అందుకే బతికాడు, విచారణలో సాక్ష్యమూ చెప్పాడు. దీపం స్పష్టంగా వెలుగుతోందట. అదిగో దీపం, పదండి అంటూ ముగ్గురూ నిచ్చెన దిగారట. వాళ్ళ టార్చిలు సగం దూరం వెళ్ళడం చూశాడట. తర్వాత టార్చిలు లేవు... అంతే.

తెల్లారి మా ఆఫీసు వాళ్ళు వెళ్తే గది తలుపు బార్లా తీసి ఉంది. దీపం వెలుగుతూనే ఉంది. కాపలాదారు లేడు. ఆపదకని గోడకి తగిలించి ఉంచే లావు తాడు, ఆఫీసు మోకు, లేదు. మంచం పక్కన వాడి బూట్లు మాత్రం ఉన్నాయి. రెండు రోజుల్లో ముగ్గురి శవాలూ దొరికాయి. వాడిది దొరకలేదు.

ఫైల్లో ఇలా రాశారు: "కాపలాదారు దీపం వెలిగించి, విధి వదిలి, ఆఫీసు మోకుతో సహా పారిపోయాడు."

బాట మొదట్లో నల్లరాయి పాతి ముగ్గురి పేర్లు చెక్కించారు. వాడి పేరు లేదు.

ఏడేళ్ళు. ప్రతి ఏడూ అదే నెలలో సంచులక్క అర్జీ పట్టుకుని మా ఆఫీసుకి వచ్చేది. డైరెక్టరుగారు పిలిచేదాకా కూర్చోవడానికి వరండాలో బెంచీ ఉండేది గాని దానికి మూడు కాళ్ళే. అందుకని నా గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. నన్ను అన్నయ్యగారూ అనేది. ఒక్కసారి కూడా కన్నీళ్ళు పెట్టుకోలేదు. కోపం ఉన్నచోట వాటికి తావుండదు కాబోలు. డైరెక్టరుగారి గదిలోంచి మాటలు నా గదిలోకి వినబడేవి. బూట్లు వదిలేసి, ఆ గవ్వరాళ్ళ మీద ఉత్తకాళ్ళతో నాలుగు రోజుల దారి పారిపోయేవాడు ఎవరండీ అని ఆవిడ అడిగేది. ఇంకో జత ఉండొచ్చు కదమ్మా అని ఆయన అనేవాడు.

"మావాడికి రెండో జతే ఉంటే, మొదటి జతకి నాచేత ఎనిమిది మాసికలు ఎందుకు వేయించుకుంటాడు?"

ఆయన అర్జీ మీద తేదీ వేసి పక్కన పెట్టేవాడు. అది కూడా ఫైల్లోకి వెళ్ళేది.

ఈలోపు పుకారు పుట్టింది. తాళం వేసిన గదిలో వెలుగు కనబడుతోందని, అది ఆ పిరికివాడి ఆత్మేనని, ముగ్గురు చాలక ఇంకా మనుషుల్ని పిలుస్తోందని. ముందు పారిపోయినవాడన్నారు, ఇప్పుడు పట్టుకుపోయేవాడన్నారు. ఒకరోజు ఎవరో పట్టీ కుట్టించుకోవడానికి వచ్చి, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియక, ఆ కథంతా చెప్పి నవ్వాడట. ఆవిడ తల ఎత్తకుండా పట్టీ కుట్టి ఇచ్చేసింది. ఆయన వెళ్ళగానే కొట్టుకి తలుపు మూసి, పది రోజులు రానని ఒక అట్టముక్క మీద రాసి తగిలించింది.

నేను వెళ్ళి వద్దన్నాను. వయసు యాభై దాటింది, ఒంటరిగా ఎందుకమ్మా అన్నాను. సీజను కూడా కాదు. పైగా వచ్చేది అమావాస్య, సముద్రం బాగా పొంగే రోజులు.

"దెయ్యమే అయ్యాడనుకుందాం అన్నయ్యగారూ," అంది సంచిలోకి దుప్పటి కుక్కుతూ. "నిజంగా మనుషుల్ని పిలుస్తున్నాడో లేదో వెళ్ళి అడుగుతాను. అక్కని. నాకు అబద్ధం చెప్పడు."

అక్కడి నుంచి ఇక ఆవిడ చెప్పిందే.

మొదటి మూడు రోజులూ వాన. గుండ్రాళ్ళ తీరం, కాలు వేస్తే జారే నాచు, వాగులు సముద్రంలో కలిసే చోట నడుము లోతు చన్నీళ్ళు. రాత్రుళ్ళు గుడారంలో బూట్లని పొట్ట దగ్గర పెట్టుకుని పడుకునేదట, లేకపోతే తెల్లారేసరికి చెక్కల్లా బిగుసుకుపోతాయి. దారిలో ఎదురైనవాళ్ళు ఇద్దరే. ఆడమనిషివి, ఒక్కదానివే ఎక్కడికి అన్నారట. మా తమ్ముడి దగ్గరికి అందట. నిజమే కదా.

నాలుగో రోజు పొద్దు వాలకముందే చీలిక దాటేయాలని లెక్క. కానీ దారిలో ఒక నిచ్చెన మెట్టు విరిగి ఉంది. ఊరుకుంటుందా? సంచిలోంచి సూదీ దారం తీసి, తాళ్ళు బిగించి, మెట్టు కట్టి, వెనక వచ్చేవాళ్ళకి కూడా పనికొచ్చేలా చేసి మరీ కదిలింది. మూడు గంటలు పోయాయి.

చీలిక చేరేసరికి చీకటి పడింది. మంచు కమ్మింది. అమావాస్య. తన చేతి వేళ్ళు తనకే కనబడవు.

టార్చి వెలుగులో ఆటుపోట్ల పట్టిక తీసి చూసింది. పోటు మొదలవడానికి ఇంకా రెండు గంటలు. దాటడానికి పావుగంట చాలు. నిచ్చెన అంచు నుంచి కిందికి టార్చి వేసింది. అడుగు పొడిగా ఉంది. ఎటు చూసినా దారి తెరిచే ఉంది.

సంచి పట్టీలు బిగించుకుని తల ఎత్తింది...

అవతల దీపం వెలుగుతోంది.

పసుపు వెలుగు. కదలదు, రెపరెపలాడదు. మంచులో దాని చుట్టూ చిన్న వలయం. సరిగ్గా కిటికీ ఉండే ఎత్తులో.

గుండె ఝల్లుమంది — ఆవిడే ఒప్పుకుంది. కానీ ఆ ఝల్లు వెనకే ఒళ్ళు మండిందట. ఏడేళ్ళు నేను ఆఫీసు మెట్లరిగేలా తిరుగుతుంటే వీడిక్కడ దీపం పెట్టుకుని కూర్చున్నాడా అని.

"ఏరా... నువ్వేనా?" అంది మెల్లిగా.

 వెలుగు అలాగే...

"ఉండు. వస్తున్నా. ఎదురుగా నిలబడి అడుగుతా."

నిచ్చెన మీద కాలు పెట్టింది. ఒక మెట్టు. రెండు. మూడు. తడి తాడు అరచేతుల్ని కోస్తోంది. కింద చీకటి. ఇంకో కాలు గాల్లో ఉండగా... ఆగిపోయింది.

ఎవరో పట్టుకుని ఆపలేదు. గుర్తొచ్చింది, అంతే.

వాళ్ళ నాన్న కూడా అదే గదిలో పనిచేశాడు. అప్పట్లో ఆ బాట నడిచేవాళ్ళ కోసం కాదు, తీరం వెంబడి తంతి తీగ పోయేది, తీగ బాగుచేసేవాళ్ళ కోసం. వాళ్ళంతా కలిపి పదిమంది. దీపానికి కిరసనాయిలు నాలుగు రోజుల దారి వీపు మీద మోయాలి. చిన్నప్పుడు తనూ ఒక డబ్బా మోసింది. పన్నెండు గంటల్లో చీలిక మూసుకుపోయేది నాలుగు గంటలే. తెరిచి ఉన్న ఎనిమిది గంటలూ దీపం పెడితే అంత నూనె ఎవడు మోస్తాడు? అందుకని మూసినప్పుడే పెట్టేవాళ్ళు. దారి బాగుంటే చీకటి. దారి లేకపోతే దీపం. అది ఎక్కడా రాసుకోలేదు. పదిమందికి రాత దేనికి? వాళ్ళ నాన్న ఆవిడకి ఎన్నోసార్లు చెప్పాడు —

"వెలుగుంటే కూర్చోవే తల్లీ. చీకటైతే నడువు."

నిచ్చెనకి వేలాడుతూ ఆలోచించిందట. పట్టిక పొమ్మంటోంది. పొడిరాయి రమ్మంటోంది. ఏడేళ్ళ కోపం దిగమంటోంది. దీపం ఒక్కటే కూర్చోమంటోంది. ఆ దీపం వాడిదే అయితే, వాడు నాన్న కొడుకే అయితే...

పైకెక్కింది. సంచికి వీపు ఆన్చి, గట్టు మీద కూర్చుంది.

పది నిమిషాలు. ఏమీ లేదు. నేను పిచ్చిదాన్నా అనుకుంది. ఇరవై నిమిషాలు...

అప్పుడు కింద ఏదో గుటక వేసిన చప్పుడు.

టార్చి వేసింది. ఇందాకటి పొడిరాయి లేదు. నల్లగా, నున్నగా, ఏదో ఊపిరి పీలుస్తున్నట్టు నెమ్మదిగా పైకి లేస్తోంది. చూస్తుండగానే నిచ్చెన కింది మెట్లు తేలాయి. ఇంకాసేపటికి తను కాలు ఆపిన మెట్టు కూడా మునిగింది. పట్టిక ప్రకారం పోటుకి ఇంకా గంటన్నర ఉంది. ఎక్కడో సముద్రం నడిమధ్య తుఫాను రేగితే ఇక్కడ నీళ్ళు ముందే పొంగుతాయి. ఆ సంగతి ఆఫీసులో అచ్చువేసిన పట్టికకి తెలియదు. పైనుంచి చూసేవాడికి తెలుస్తుంది.

కాసేపటికి కాస్త ఎత్తైన చోటు ఎక్కడుందో చూద్దామని మ్యాపు తీసింది. తమ్ముడి బూట్లు, దుప్పటితో పాటు ఆఫీసు వాళ్ళు తెచ్చిచ్చిన, వాడు ముడి కూడా విప్పని అచ్చు మ్యాపుల కట్టలోంచి ఒకటి తెచ్చుకుంది. ఆ దుర్ఘటన జరిగిన ఏడే మొదటిసారి అచ్చయిన మ్యాపు. ఆ దారి పుట్టినప్పటి నుంచి తెలిసిన మనిషి, మ్యాపు విప్పడం అదే మొదలు. కింద గుర్తుల పట్టీలో చిన్న దీపం బొమ్మ. పక్కన నాలుగు మాటలు.

చదివింది. మళ్ళీ చదివింది.

తర్వాత తెల్లారేదాకా నీళ్ళ మీదుగా ఆ వెలుగుతో మాట్లాడుతూనే ఉందట. ఏం మాట్లాడావమ్మా అని అడిగితే, అక్కాతమ్ముళ్ళ మాటలు మీకెందుకండీ అంది. తుఫాను పోటు కాబట్టి నాలుగు గంటల్లో తీయలేదు, తెల్లవారుజామున గాని నీళ్ళు పోలేదు. అటు చూస్తే వెలుగు లేదు.

దాటి, పైకెక్కి, గది చూసింది. తాళం అలాగే ఉంది. తాళంచెవి దూర్చే కన్నం ఉప్పు పేరుకుని రాయిలా పూడిపోయింది. కిటికీలోంచి చూస్తే దీపం తగిలించే కొక్కెం, దాని నిండా బూజు.

ఇది విన్నప్పుడు నేను ఊరుకోలేదు. చదువుకున్న చదువు ఊరుకోనివ్వదు కదా. కిటికీ అద్దం మీద చంద్రుడు మెరిసి ఉంటాడమ్మా అన్నాను. అమావాస్య అన్నయ్యగారూ అంది. చుక్కలు? మంచు. ఓడ లైటు? మధ్యలో గుట్ట. నా నారింజా నిమ్మకాయా అక్కడితో అయిపోయాయి.

ఆవిడ మిగతా బాట నడవలేదు. వెనక్కి తిరిగి, నాలుగు రోజుల దారి మూడు రోజుల్లో నడిచి, కొట్టుకి కూడా వెళ్ళకుండా, బురద బూట్లతో నా గదిలోకి వచ్చింది. మ్యాపు నా బల్ల మీద పరిచి, దీపం బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇది రాసిందెవరు అన్నయ్యగారూ?"

ఆ అక్షరాలు నావే. కళ్ళజోడు లేకుండా కూడా పోల్చుకుంటాను. "దారి దీపం: రాత్రివేళ దీని వైపు నడవండి."

నేను ఏ మ్యాపు చూసి నేర్చుకున్నా దీపం గుర్తుకి అదే అర్థం ఉండేది. ఈ మ్యాపు గీసేటప్పుడు కూడా చేతికి అలవాటైన మాటలే రాసేశాను. ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

"నేనేనమ్మా," అన్నాను.

"మీరు అక్కడికి ఎప్పుడైనా వెళ్ళారా?"

"లేదు."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. కిటికీలోంచి తన కొట్టు వైపు చూసింది. మీరు ఆ దారి చూడలేదు, మావాడు ఈ మ్యాపు చూడలేదు, సొంత వాకిలికి మ్యాపు ఎవడు చూసుకుంటాడు అంది. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత ఆ రాత్రి ఏం జరిగిందో ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే పేర్చుకున్నాం. వాడు నీళ్ళు చూశాడు. దీపం పెట్టాడు, ఆగమని. ఆ ముగ్గురూ దీపం చూసి దిగారు, మ్యాపు రమ్మంది కాబట్టి. పైనుంచి టార్చిలు దిగడం వాడికి కనబడింది. ఆ రాత్రి సముద్రపు హోరులో కేక వినబడి ఉండదు. బూట్లు తొడుక్కునే టైము లేదు. మోకు అందుకుని...

ఆ సాయంత్రం ఇంటికెళ్తే మా ఆవిడ ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడ వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టేసి, మరి రేపు ఆఫీసులో ఏం రాస్తారు అంది. రాస్తారా అని అడగలేదు.

రాశాను. మూడు పేజీలు. తప్పు గుర్తు నాది, ఆ చోటు చూడకుండా గీశాను, కాపలాదారు తన పని తాను చేశాడు అని. డైరెక్టరుగారు చదివి తలుపు వేయించారు. రిటైర్మెంటుకి రెండేళ్ళు లేవు, ఇప్పుడెందుకీ తలనొప్పి అన్నారు. తర్వాతి అచ్చులో దీపం గుర్తే తీసేశాం కదా అన్నారు. పోయినవాళ్ళు తిరిగొస్తారా అన్నారు.

"రారు సార్. కానీ ఒకడు మన ఫైల్లో ఇంకా పారిపోతూనే ఉన్నాడు."

జీవితంలో పై ఆఫీసరుకి ఎదురు మాట్లాడడం అదే మొదలు.  

నన్ను రికార్డు గదికి మార్చారు. ఎనిమిది నెలలకి పై నుంచి ఉత్తర్వు వచ్చింది. "పారిపోయాడు" అన్నది కొట్టేసి "ఆచూకీ తెలియదు" అని రాస్తారట. సంచులక్కని పిలిచి సంతకం పెట్టమన్నారు. ఆవిడ చదివి కాగితం వెనక్కి తోసింది. తెలియకపోవడమేమిటి, నాకు తెలుసు, అన్నయ్యగారికి తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు అంది. పెన్ను మూత పెట్టి, డైరెక్టరుగారి జేబులో పెట్టి వచ్చేసింది.

ఆ వారమే నల్లరంగు డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరింది. దీపం గది తలుపు మీద జానెడేసి అక్షరాలతో రాసింది:

"ఇక్కడి కాపలాదారు పారిపోలేదు. దిగి వెళ్ళాడు."

ఆఫీసు ఊరుకుంటుందా? మనుషుల్ని పంపి సున్నం కొట్టించింది. ఆవిడ వెళ్ళి మళ్ళీ రాసింది. మళ్ళీ సున్నం. మళ్ళీ రాత. నేను రిటైరయ్యాక మూడోసారి ఆవిడతో నేనూ వెళ్ళాను. ఈ మోకాళ్ళతో, ఈ వయసులో, తొమ్మిది రోజులు పట్టింది. సంచి ఆవిడ కుట్టిందే. నా కళ్ళతో ఆ చీలిక చూశాను. రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. అక్షరాలు మాత్రం, గీసే చేయి మీది కదా అని, నాచేతే రాయించింది.

మూడోసారి సున్నానికి వెళ్ళింది ఒక మేస్త్రి, ఇద్దరు పనివాళ్ళు.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు పొద్దున్నే నేను కొట్లో కూర్చుని ఉన్నాను. ఆవిడ నా సంచి పట్టీ సరిచేస్తోంది. మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఆఫీసుకి వెళ్ళకుండా నేరుగా ఇక్కడికే వచ్చాడు. దారి పొడవునా వాగులే, బూట్లలోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. మనిషి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

పని మొదలుపెట్టింది సాయంత్రమట. పోటుకి మూడు గంటల టైముందని పట్టిక చూసుకునే దాటారట. మేస్త్రి కుంచె ముంచి, మొదటి అక్షరం మీద పెట్టబోయాడు. అప్పుడు తలుపు వెనక నుంచి... తాళం వేసిన తలుపు వెనక నుంచి... ఎవరో చాలా మామూలుగా, పక్కింటివాడు పలకరించినట్టు —

"ఇక చాల్లే బాబూ. దిగి వెళ్ళండి. నీళ్ళు లేస్తున్నాయి, ఇవాళ ఈ గట్టు కూడా మునుగుతుంది."

లోపల మనిషి ఉన్నాడనుకుని మేస్త్రి తాళం లాగి చూశాడట. తుప్పు చేతికంటింది. వెనక్కి తిరిగి చీలికలోకి చూస్తే రాళ్ళ బొక్కల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. కుంచెలూ డబ్బాలూ అక్కడే పారేసి దిగారు. మోకాళ్ళ లోతులో దాటారు. చివరివాడు ఇవతలి నిచ్చెన ఎక్కేసరికి అతని నడుము దాకా వచ్చాయి. పైకెక్కి, ఊపిరి తీసుకుని, తిరిగి చూస్తే...

"వెలుగుతోందక్కా," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "కిటికీలో."

సంచులక్క సూది ఆపింది.

"ముగ్గురూ దాటారా?"

"దాటాం."

 గొంతు ఎలా ఉందని ఆవిడ అడగలేదు. దారం పళ్ళతో కొరికి, నా సంచి పక్కన పెట్టి, లేచి, కొట్టు తాళం చేతిలోకి తీసుకుంది. పద ఆఫీసుకి అంది. బూట్లు ఆరనివ్వక్కా అన్నాడు మేస్త్రి. ఆరితే మర్చిపోతావు, ఈ తడి బూట్లతోనే చెప్పాలి అంది.

మేస్త్రి నా వైపు చూశాడు, కాస్త మీరైనా చెప్పండి అన్నట్టు. నేను కర్ర అందుకుని లేచి నిలబడ్డాను.

"దెయ్యం మాట్లాడిందని ఆఫీసులో ఎలా చెప్పనక్కా? నవ్వుతారు."

ఆవిడ తలుపు దగ్గరికి లాగి తాళం వేసింది.

"దెయ్యమని ఎవరన్నారు? డ్యూటీలో ఉన్నాడని చెప్పు."